కంపెనీల మెసేజ్‌లు రోజూ వస్తున్నాయి, మన మాట వినే మనిషి మాత్రం దొరకడం లేదు

రమ_కాకినాడ | సోమవారం, ఉదయం 9:20

అందరికీ నమస్కారం. పిఠాపురంలో అమ్మ ఇంట్లో ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. వారంటీ కార్డు మీద ఉన్న నంబర్‌కి చేస్తే "మా సేవలు ఇప్పుడు వాట్సాప్‌లో అందుబాటులో ఉన్నాయి" అని రికార్డు చేసిన గొంతు చెప్పి ఫోన్ పెట్టేస్తోంది. వాట్సాప్‌లో హాయ్ అని పెడితే మెనూ వస్తుంది. ఒకటి నొక్కితే కొత్త మోడల్స్, రెండు నొక్కితే వారంటీ పొడిగింపు, మూడు నొక్కితే సర్వీస్.

ఎలాగో బుక్ చేశాం, టెక్నీషియన్ వచ్చాడు. గ్యాస్ పోయింది, సామాను తెప్పించి మళ్ళీ వస్తానన్నాడు. వెళ్తూ అమ్మ ఫోన్‌కి వచ్చిన కోడ్ అడిగి చెప్పించుకున్నాడు. అతను వీధి దాటకముందే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్. ఫ్రిజ్ అలాగే ఉంది. వాట్సాప్‌లో జవాబిచ్చే బాట్‌ని, అంటే మనిషి బదులు మాట్లాడే ప్రోగ్రామ్‌ని, అడిగితే మీ పేరు మీద పెండింగ్ ఫిర్యాదులేమీ లేవంటుంది.

ఇదే కంపెనీ సంక్రాంతికి, ఉగాదికి, అమ్మ పుట్టినరోజుకి కూడా మెసేజ్ పెడుతుంది. నెట్ వచ్చాక కంపెనీకీ కొనేవాడికీ మధ్య దూరం తగ్గిందని అందరూ అంటారు. మీ అనుభవంలో తగ్గిందా? తగ్గితే ఎవరికి తగ్గింది? అమ్మకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు, అందుకే అడుగుతున్నాను.

వెంకట్_మియాపూర్ | సోమవారం, ఉదయం 10:05

రమ గారూ, నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళు కస్టమర్ సపోర్ట్‌లో చేశాను. ఫోన్లు ఎత్తడంతో మొదలుపెట్టి టీమ్ లీడ్ దాకా వెళ్ళాను. లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

మీ ఫిర్యాదు కంపెనీలో ఒక టికెట్. దానికి గడువు ఉంటుంది, టాట్ అంటాం. గడువు దాటితే స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది, పైవాళ్ళు మా మీద పడతారు. కాబట్టి కింద పనిచేసే అందరి తొందరా టికెట్ మూయడం గురించే. ఫ్రిజ్ చల్లబడిందా లేదా అన్నది సిస్టమ్‌కి తెలియదు. టికెట్ మూశారా లేదా అన్నదే తెలుస్తుంది. మీరు మళ్ళీ చెబితే చాలా చోట్ల పాత టికెట్ తెరవరు, కొత్తది పుట్టిస్తారు. గడువు లెక్క మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది. పై రిపోర్టులో మీ ఇంటి ఒక్క సమస్య "గడువులోగా పరిష్కరించిన రెండు ఫిర్యాదులు"గా కనిపిస్తుంది.

ఇక బాట్. దాని పనితీరుకి ఒక కొలమానం ఉంది, డిఫ్లెక్షన్ అంటారు. వందమంది వస్తే అందులో ఎంతమంది మనిషి దాకా రాకుండా ఆగిపోయారు అన్నది లెక్క. జవాబు దొరికి ఆగినవాళ్ళూ, విసుగు పుట్టి వదిలేసినవాళ్ళూ ఆ లెక్కలో ఒకటే. ఏజెంట్ జీతం కంటే బాట్ ఖర్చు తక్కువ కాబట్టి ఆ అంకె పెరిగితే మీటింగ్‌లో చప్పట్లు కొడతారు. అమ్మగారు ఫోన్ పక్కన పెట్టేసి "పోనీలే" అనుకున్నా అది అక్కడ విజయమే. నేను ఆ మీటింగుల్లో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, ఇది నన్ను చాలా బాధపెట్టేది.

సూర్యం మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 12:40

నేను తెనాలిలో ఉంటాను, రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా కాలంలో కంపెనీ అంటే ఊళ్ళో ఉన్న డీలరు. రేడియో పాడైనా, ఫ్యాను తిరగకపోయినా బజారుకెళ్ళి ఆయన ముందు నిలబడేవాళ్ళం. మళ్ళీ రేపు మన మొహం చూడాలి కాబట్టి ఆయనే కంపెనీతో మాట్లాడేవాడు. డీలరు వినకపోతే కంపెనీ హెడ్ ఆఫీసుకి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం. ఆ పింక్ కార్డు మీద సంతకం పడి తిరిగొస్తే మన మాట చేరినట్టు.

అదంతా స్వర్ణయుగమని నేను అనను. జవాబు రాకపోతే చేసేదేమీ ఉండేది కాదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చేదాకా సామాన్యుడు సివిల్ కోర్టు మెట్లెక్కాల్సిందే. టెలిఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన వాళ్ళం మేము. ఇవాళ ఫోనులోనే ఫిర్యాదు పెట్టగలగడం చిన్న మార్పేమీ కాదు. కానీ అప్పుడు జవాబుదారీ ఎవరో తెలిసేది. ఇప్పుడు కంపెనీ తరఫున మాట్లాడేది ఎవరో తెలియదు.

కిరణ్_డల్లాస్ | సోమవారం, రాత్రి 8:15

అమెరికాలో ఈ కథ కాస్త ముందే నడిచింది. 2005లో జెఫ్ జార్విస్ అనే జర్నలిస్టు తన డెల్ ల్యాప్‌టాప్ పాడైతే, సర్వీస్ ఎంత ఘోరంగా ఉందో తన బ్లాగులో రాశారు. అలాంటి బాధే పడ్డవాళ్ళంతా కింద వచ్చి చేరారు. అప్పటిదాకా ఒక్కొక్కరూ విడివిడిగా కాల్ సెంటర్‌తో పోట్లాడుకునేవాళ్ళు, మిగతావాళ్ళ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. డెల్ మొదట పట్టించుకోలేదు. 2006లో సొంత బ్లాగు మొదలుపెట్టింది, 2007లో ఐడియాస్టార్మ్ అని కొనేవాళ్ళు సూచనలు రాసి ఓట్లేసే సైటు పెట్టింది. అక్కడ ఎక్కువమంది విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అడిగారు. అదే ఏడాది మే నెలలో ఉబుంటు అనే లైనక్స్ వేసిన కంప్యూటర్లు అమ్మకానికి వచ్చాయి. మామూలు కస్టమర్లు రాసింది చదివి ఒక పెద్ద కంపెనీ తన సరుకే మార్చుకోవడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

2008లో కామ్‌కాస్ట్ కేబుల్ కంపెనీలో ఫ్రాంక్ ఎలియాసన్ అనే ఉద్యోగి ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) తిట్టేవాళ్ళని వెతికి మరీ "నేను సాయం చేయనా" అని అడగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏడాది కెనడా గాయకుడు డేవ్ కారొల్, యునైటెడ్ విమానంలో తన గిటారు విరిగితే, నెలల తరబడి తిరిగినా పరిహారం ఇవ్వలేదని పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టారు. అది లక్షలమంది చూశాకే ఎయిర్‌లైన్ కదిలింది.

కాబట్టి మాస్టారూ, నెట్ తెచ్చిన అసలు మార్పు నలుగురి ముందు అడగగలగడం అని నా అభిప్రాయం. రమ గారూ, కంపెనీని ట్యాగ్ చేసి ఎక్స్‌లో పెట్టండి, పని అవుతుంది.

సునీత_వరంగల్ | సోమవారం, రాత్రి 9:02

కిరణ్ అన్నా, గాయకుడు పాట కడితే కదిలారు. నా అకౌంట్‌లో ఫాలోవర్లే లేరు, నేను పెడితే ఎవరు కదులుతారు? "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, వివరాలు డీఎమ్ చేయండి" అని ఒక జవాబు వచ్చింది. డీఎమ్, అంటే ప్రైవేటు మెసేజ్, చేశాక సప్పుడు లేదు. పైగా అందరికీ కనబడే చోట ఆ క్షమాపణ ఉండిపోయింది, చూసినోళ్ళు నా పని అయిపోయిందనుకుంటారు.

ఇంకో ముచ్చట. నా పోస్ట్ కింద ఆ కంపెనీ లోగోతోనే ఇంకో అకౌంట్ వచ్చి "మీ ఫోన్ నంబర్ ఇవ్వండి, రీఫండ్ ఇప్పిస్తాం" అంది. అది దొంగ అకౌంట్. మా తమ్ముడు చూసి ఆపాడు.

మహేష్_నెల్లూరు | సోమవారం, రాత్రి 10:30

సునీత గారు చెప్పింది అందరూ జాగ్రత్తగా చదవాలి. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా కౌంటర్ దగ్గరికి ఏడుస్తూ వచ్చేవాళ్ళలో చాలామంది కథ ఒకేలా ఉంటుంది. వస్తువు రాలేదు, లేదా డబ్బు ఇరుక్కుపోయింది. కంపెనీ యాప్‌లో ఫోన్ నంబర్ కనిపించదు. గూగుల్‌లో కంపెనీ పేరు కొట్టి పక్కన కస్టమర్ కేర్ అని వెతుకుతారు. అక్కడ మోసగాళ్ళు పెట్టిన నంబర్ దొరుకుతుంది. వాళ్ళు వెంటనే ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, తెలుగులో కూడా మాట్లాడతారు. స్క్రీన్ షేర్ అయ్యే యాప్ వేయించి, ఐదు రూపాయలు పంపి చూడండి అంటారు. ఆ తర్వాత ఖాతా ఖాళీ.

అసలు కంపెనీ తన నంబర్‌ని దాచిపెట్టిన చోటే దొంగ నంబర్ పుడుతోంది. నా కోపం అంతా ఇక్కడే. ఖర్చు తగ్గించుకోవడానికి ఫోన్ లైన్ తీసేస్తే ఆ ఖర్చు మా ఖాతాదారుల మీద ఇలా పడుతోంది.

డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. డబ్బు చేతులు మారేలోపు చెబితేనే ఆపే అవకాశం. నంబర్ కావాలంటే కార్డు వెనక, పాస్‌బుక్ మీద, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో చూడండి, సెర్చ్‌లో వద్దు. మెసేజ్ పంపినవాళ్ళ పేరు చివర ఇప్పుడు ఒక ఇంగ్లీష్ అక్షరం వస్తోంది గమనించారా? పి ఉంటే ప్రకటన, ఎస్ ఉంటే సర్వీస్, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పద్ధతి ఇది. ప్రకటనల కాల్స్‌కి 140, బ్యాంకుల లాంటి వాటి సర్వీస్ కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అంటే పెట్టేయండి.

వెంకట్_మియాపూర్ | మంగళవారం, ఉదయం 8:45

> కిరణ్_డల్లాస్ రాసింది: కంపెనీని ట్యాగ్ చేసి ఎక్స్‌లో పెట్టండి, పని అవుతుంది.

కొందరికి అవుతుంది. సోషల్ మీడియా ఫిర్యాదులకి పెద్ద కంపెనీల్లో వేరే టీమ్ ఉంటుంది, ఓఆర్‌ఎమ్ టీమ్ అంటారు. కంపెనీ పరువు కాపాడటం వాళ్ళ పని. వాళ్ళ టూల్‌లో మీ పోస్ట్ పక్కనే మీకెంతమంది ఫాలోవర్లున్నారో కనిపిస్తుంది. అంకె పెద్దదైతే టికెట్ నేరుగా పైకి వెళ్తుంది. ఒకే రోజు ఒకే రకం ఫ్రిజ్ పాడైన ఇద్దరిలో ఒకరికి సాయంత్రానికి మనిషి వస్తాడు, ఇంకొకరికి బాట్ మెనూ మళ్ళీ మొదటి నుంచి చూపిస్తుంది. క్యూలో ముందు నిలబడ్డవాడిని వదిలేసి గట్టిగా అరిచినవాడికి ఇవ్వడం నాకు ఎప్పటికీ సరైనదిగా అనిపించలేదు. ఆ టీమ్‌లో పిల్లలు మంచివాళ్ళే, వాళ్ళకిచ్చిన లెక్క అలాంటిది.

శారద_పచ్చళ్ళు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

అందరూ పెద్ద కంపెనీల గురించే మాట్లాడుతున్నారు, మాలాంటి చిన్నవాళ్ళ వైపు నుంచి కూడా చెప్పనివ్వండి. భీమవరంలో ఇంటి దగ్గర పచ్చళ్ళు, పొడులు చేసి పంపుతాం. షాపు లేదు, బోర్డు లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, కొరియర్. అంతే మా కంపెనీ. 2018లో ఆ యాప్ వచ్చి ఉండకపోతే నా మాగాయ న్యూజెర్సీ దాకా వెళ్ళేది కాదు.

కస్టమర్‌తో నేనే మాట్లాడతాను. ఆవకాయలో నూనె ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు. సీసా పగిలిందని ఫోటో వస్తే మారు మాట్లాడకుండా ఇంకోటి పంపిస్తాను. అమెరికా వాళ్ళకి పగలు మాకు రాత్రి, జవాబు ఆలస్యమైతే కోపగించుకుంటారు. "ఇంత రేటా? మా ఊళ్ళో సగానికే వస్తుంది" అని వాయిస్ మెసేజ్‌లు వస్తాయి. మిరపకాయల రేటు, నువ్వుల నూనె రేటు, కొరియర్ ఖర్చు ఇవన్నీ వాళ్ళకి తెలియవు. ఓపిగ్గా చెబుతాను, కొందరు వింటారు.

2025 ఏప్రిల్‌లో జరిగింది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. రేటు ఎక్కువని అన్న కస్టమర్‌కి ఒక పచ్చళ్ళ వ్యాపారం నుంచి బూతులతో వెళ్ళిన వాయిస్ మెసేజ్ బయటికొచ్చింది. ఆ మాటలు తప్పే, ఏ కస్టమర్‌నీ అలా అనకూడదు. కానీ ఆ తర్వాత రోజుల తరబడి ఆ వ్యాపారం నడిపే ఆడపిల్లల మీద వచ్చిన మీమ్స్, వాళ్ళ ఇంటి విషయాల మీద వీడియోలు చూసి నాకు భయమేసింది. పెద్ద కంపెనీ తప్పు చేస్తే లోగోని తిడతారు. మాలాంటి వాళ్ళు తప్పు చేస్తే మొహాన్ని, పుట్టుకని తిడతారు. ఆ వారం మా పేజీలో కూడా ఊరికే వచ్చి తిట్టిపోయారు, మాకేం సంబంధం?

అప్పటి నుంచి నేను కస్టమర్లకి వాయిస్ పెట్టడం మానేశాను, అన్నీ టైప్ చేసే పంపుతాను. కానీ దానివల్ల ఒకటి పోయింది. "బాగున్నారా అత్తయ్యగారూ, ఈసారి కారం తగ్గించాను" అని గొంతుతో చెబితే ఉండే దగ్గరతనం అక్షరాల్లో రాదు.

సునీత_వరంగల్ | మంగళవారం, మధ్యాహ్నం 2:55

అక్కా, మీ బాధ అర్థమైంది. ఆ పిల్లల మీద జరిగింది నాకూ నచ్చలేదు. కానీ రేటు అడిగినందుకు తిట్టించుకున్న మనిషికి ఇంకేం దారి ఉండె? ఆ వాయిస్ బయట పెట్టకపోతే ఎవరు వినేవాళ్ళు? చిన్న వ్యాపారమైనా పైసలు తీసుకుంటున్నప్పుడు జవాబు చెప్పాలె.

శారద_పచ్చళ్ళు | మంగళవారం, మధ్యాహ్నం 3:20

జవాబు చెప్పాలి సునీతా, నేను కాదనడం లేదు. వ్యాపారం గురించి ఎంత గట్టిగానైనా అడగండి. మనిషి మీదకి వెళ్ళొద్దంటున్నాను.

రఫీ_కర్నూలు | మంగళవారం, రాత్రి 11:05

రమ మేడమ్ ఫ్రిజ్ కంపెనీ ఏదో నాకు తెలియదు. నేను ఏసీ, ఫ్రిజ్ సర్వీస్ సెంటర్‌లో టెక్నీషియన్‌ని, కంపెనీ ఉద్యోగిని కాను. సర్వీస్ సెంటర్ వేరే ఓనర్‌ది, కంపెనీ అతనికి కాల్‌కి, అంటే ఒక్కో ఫిర్యాదుకి, ఇంత అని ఇస్తుంది, అతను మాకిస్తాడు. మీ ఫోన్‌కి వచ్చే ఆ కోడ్‌ని మేము హ్యాపీ కోడ్ అంటాం. కస్టమర్ సంతోషపడితేనే ఇవ్వాలని పెట్టారు. కోడ్ కొట్టకపోతే కాల్ క్లోజ్ కాదు, క్లోజ్ కాకపోతే మాకు డబ్బు రాదు. సామాను కంపెనీ నుంచి రావడానికి టైమ్ పడుతుంది, దానికి మేమేం చేయగలం? కానీ కాల్ పెండింగ్‌లో ఉంటే సర్వీస్ సెంటర్‌కి కోత పడుతుంది, ఓనర్ మమ్మల్ని అరుస్తాడు. అందుకే కొందరు ముందే కోడ్ తీసుకుంటారు. నేను చేయను, చేసేవాళ్ళని నాకు తెలుసు.

రేటింగ్ కూడా అంతే. ఐదుకి తగ్గితే ఇన్సెంటివ్ పోతుంది. నాలుగు ఇచ్చినా మంచి మార్కే కదా అనుకుంటారు కస్టమర్లు, మాకది ఫెయిల్. అందుకే "అన్నా, ఐదు కొట్టు" అని బతిమాలతాం. మా పని బాలేకపోతే ఆ ముక్క రాయండి, తప్పు లేదు. కానీ సామాను ఆలస్యమైనందుకు, యాప్ బాలేనందుకు, కంపెనీ ఫోన్ ఎత్తనందుకు ఒకటి ఇస్తే అది కంపెనీకి తగలదు, మండుటెండలో మేడ మీద ఏసీ బాగుచేసినోడికి తగులుతుంది.

పని పూర్తి కాకుండా కోడ్ ఇవ్వొద్దు. "సామాను కోసం పెండింగ్" అని జాబ్ షీట్ మీద రాయించుకుని ఫోటో తీసుకోండి. నిజంగా పనిచేసే టెక్నీషియన్ అయితే దానికి కోప్పడడు.

అడ్వకేట్_ఖమ్మం | బుధవారం, ఉదయం 7:30

రఫీ గారి పోస్ట్ చదివాక రాయకుండా ఉండలేకపోయాను. వినియోగదారుల కేసులు చూస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది దగ్గర కోపం నిండా ఉంటుంది, కాగితం ఒక్కటీ ఉండదు. చాట్ విండో మూసేశారు, అందులో కంపెనీ ఏం ఒప్పుకుందో ఇప్పుడు కనిపించదు. ఫోన్లో ఎవరో మాటిచ్చారు, పేరు తెలియదు. మాస్టారు చెప్పిన పింక్ కార్డుకి సాటి వచ్చేది ఇవాళ ఈమెయిల్. బాట్‌తో మాట్లాడినా, ఫోన్లో మాట్లాడినా, అయిపోయాక "ఫలానా తేదీన మీ ప్రతినిధి ఇలా చెప్పారు" అని కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. చాట్ మూసేలోపు స్క్రీన్‌షాట్ తీయండి.

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే సైటు ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, హోదా, సంప్రదించే వివరాలు కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఆ పేరు యాప్‌లో అట్టడుగున, ఎవరూ తెరవని పేజీలో ఉంటుంది, వెతకండి. షాపులో కొన్నదైతే ఆ నిబంధనలు వర్తించవు, అయినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ రెండూ ఉన్నాయి. 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడ 17 భాషలున్నాయి, తెలుగు అందులో ఒకటి.

కిరణ్ గారు ఎక్స్‌లో పెట్టమన్నారు, పెట్టండి. కానీ అది ప్రభుత్వ లెక్కలోకి రాదు. 2024 అక్టోబర్‌లో ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ల సర్వీస్ గురించి కంపెనీ అధిపతికీ కమెడియన్ కునాల్ కమ్రాకీ ఎక్స్‌లో పెద్ద గొడవ నడిచింది, దేశమంతా చూసింది. ఆ రోజుల్లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి షోకాజ్ నోటీసు ఇచ్చింది. నోటీసుకి ఆధారం ఏమిటి? 2023 సెప్టెంబర్ నుంచి ఏడాదిలో జాతీయ హెల్ప్‌లైన్‌కి వచ్చిన 10,644 ఫిర్యాదులు. ఎవరి పేరూ ఎవరికీ తెలియని మామూలు మనుషులు ఫోన్ చేసి నమోదు చేయించుకున్నవి. 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. టికెట్ మూయడం గురించి వెంకట్ గారు రాసింది గుర్తుపెట్టుకుని ఆ శాతాన్ని చదవండి. ప్రాధికార సంస్థ ఆ జవాబుతో ఆగకుండా విచారణ కొనసాగించింది.

హెల్ప్‌లైన్‌తో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. ఐదు లక్షల లోపు చెల్లించిన వాటికి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సమస్య మొదలైన రెండేళ్ళలోపు వేయాలి.

కిరణ్_డల్లాస్ | బుధవారం, ఉదయం 8:40

చాలా ఉపయోగపడే పోస్ట్ అండీ. బాట్ చెప్పిన మాటకి కంపెనీ బాధ్యత ఉంటుందా? "ఇది ఆటోమేటెడ్ సమాధానం, తప్పులుండవచ్చు" అని కింద రాస్తున్నారు కదా.

అడ్వకేట్_ఖమ్మం | బుధవారం, ఉదయం 9:10

కెనడాలో ఈ ప్రశ్నే వచ్చింది. ఒకాయన నానమ్మ చనిపోతే ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో చాట్‌బాట్‌ని అడిగారు. ముందు మామూలు టికెట్ కొనుక్కుని తర్వాత 90 రోజుల్లోపు దరఖాస్తు చేస్తే మరణాల సందర్భంలో ఇచ్చే తగ్గింపు వస్తుందని అది చెప్పింది. తీరా దరఖాస్తు చేస్తే కంపెనీ కుదరదంది, అసలు నియమం సైటులో వేరే పేజీలో ఉందని వాదించింది. చాట్‌బాట్ తన మాటలకి తానే బాధ్యత వహించే వేరే అస్తిత్వం అన్నట్టు కూడా వాదన పెట్టింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ దాన్ని ఒప్పుకోలేదు. సైటులో పేజీ అయినా, బాట్ అయినా చెప్పింది కంపెనీయేనని తేల్చి, మొత్తం సుమారు 812 కెనడియన్ డాలర్లు ఇప్పించింది. మన కమిషన్లకి అది శాసనం కాదు. కానీ ఆయన చాట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నారు, దాన్ని గమనించండి.

రమ_కాకినాడ | బుధవారం, ఉదయం 11:25

అందరికీ కృతజ్ఞతలు. రఫీ గారూ, మీ పోస్ట్ చదివాక ఆ అబ్బాయి మీద కోపం పోయింది. ఒక ప్రశ్న మిగిలింది. 1915లో తెలుగు ఉందంటున్నారు, సంతోషం. మరి కంపెనీల దగ్గర తెలుగు ఎందుకు లేదు? అమ్మే యాప్ తెలుగులో ఉంటుంది, ప్రకటన తెలుగులో ఉంటుంది. సమస్య వస్తే మాత్రం ఇంగ్లీషో హిందీయో.

గౌతమ్_బెంగళూరు | బుధవారం, రాత్రి 9:50

రమ గారూ, నేను చాట్‌బాట్‌లు తయారుచేసే టీమ్‌లో పనిచేస్తాను, ఊరు అనంతపురం. మీ ప్రశ్న మా ఆఫీసులో నేను రోజూ అడిగేదే.

2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ తెలుగు తెచ్చాయి. అది కొనే దారి. కొన్నాక మాట్లాడే దారికి డబ్బు ఖర్చవుతుంది, ఆదాయం రాదు, అందుకే వెనకబడిపోయింది. గొడవ అయితేనే కదులుతుంది. 2021 అక్టోబర్‌లో తమిళనాడులో ఒకాయన జొమాటోలో రీఫండ్ అడిగితే, హిందీ జాతీయ భాష కాబట్టి అందరికీ కాస్తయినా తెలిసుండాలని చాట్‌లో జవాబొచ్చింది. ఆయన స్క్రీన్‌షాట్ పెట్టారు, తమిళనాడు అంతా లేచింది. కంపెనీ తమిళంలో క్షమాపణ రాసి, కోయంబత్తూరులో తమిళ కాల్ సెంటర్ కడుతున్నామని చెప్పింది. ఆ ఏజెంట్‌ని ముందు తీసేసి, మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. అది నాకు నచ్చింది, నేర్పించాల్సింది కంపెనీ. మనవాళ్ళు అలా అడగరు. మనం సర్దుకుపోయి వచ్చీరాని హిందీలో మాట్లాడేస్తాం, దాంతో తెలుగు అవసరం లేదని వాళ్ళ రిపోర్టులో పడుతుంది.

సాంకేతికంగా కుదరదు అంటే నేను నమ్మను. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో మొదలుపెట్టింది, తెలుగులో కూడా. ప్రభుత్వం చేయగలిగింది వేల కోట్ల కంపెనీ చేయలేదా?

కష్టం ఎక్కడంటే, మనవాళ్ళు బాట్‌కి తెలుగు లిపిలో రాయరు. తెలుగు మాటల్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తారు, ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగ్. లేదా వాయిస్ పంపుతారు. బాట్‌కి నేర్పిన తెలుగేమో "పరిష్కరించబడింది", "దయచేసి ఎంపిక చేయండి" లాంటిది. ఆ భాష ఎవరింట్లోనూ మాట్లాడరు. మనుషులు ఎలా అడుగుతారో దానికి తెలియదు.

ఇంకో విషయం, వెంకట్ గారికి తెలిసే ఉంటుంది. వాట్సాప్‌లో కస్టమర్ మెసేజ్ పెట్టాక 24 గంటలు కంపెనీ ఉచితంగా జవాబివ్వొచ్చు. అది దాటితే ముందే ఆమోదం తీసుకున్న మూస మెసేజ్‌లే పంపాలి. ప్రకటన మెసేజ్‌లకి కంపెనీ డబ్బు కడుతుంది. అంటే పండగ ఆఫర్‌కి ఖర్చుపెట్టి, ఉచితంగా వినగలిగిన చోట బాట్‌ని కూర్చోబెడుతున్నారు.

వెంకట్_మియాపూర్ | గురువారం, ఉదయం 8:20

తెలుసు గౌతమ్. ఆ 24 గంటల్లో తేలకపోతే చాట్ ఆటోమేటిగ్గా ముగుస్తుంది, అది కూడా క్లోజ్ చేసిన టికెట్టే. నేను ఉన్నప్పుడు ఒకటి అడిగాను, ఒప్పుకోలేదు. టికెట్ మూశాక వారానికి కస్టమర్‌కి ఒక మనిషి ఫోన్ చేసి "పని అయ్యిందా" అని అడగాలి, టీమ్ మార్కులు దాన్ని బట్టే ఇవ్వాలి అన్నాను. ఖర్చు అన్నారు. ఇప్పుడు మీరు బాట్ వైపు ఉన్నారు, రెండుసార్లు అర్థం కాకపోతే మూడోసారి అడక్కుండానే మనిషికి కలిపేలా పెట్టించండి. అదైనా చేయగలరా?

గౌతమ్_బెంగళూరు | గురువారం, ఉదయం 9:35

మా క్లయింట్లలో ఇద్దరు దానికి ఒప్పుకున్నారు, మిగతావాళ్ళతో మాట్లాడుతున్నాను. ఇక్కడ అందరి సాయం కావాలి. మనిషితో మాట్లాడాలి అన్నది మీ ఇంట్లో పెద్దవాళ్ళు బాట్‌ని ఎలా అడుగుతారో, మీ ఊరి మాటలో, ఉన్నదున్నట్టు రాయండి. బాట్ వాటిని గుర్తుపట్టి వెంటనే ఏజెంట్‌కి కలిపేలా చేర్పిస్తాను.

సునీత_వరంగల్ | గురువారం, ఉదయం 9:50

"మనిషెవరన్న ఉన్నరా అక్కడ?" "ఫోన్ జేసి మాట్లాడుర్రి." మా నాయిన ఇట్లనే అంటడు.

రఫీ_కర్నూలు | గురువారం, మధ్యాహ్నం 1:15

"ఎవురన్నా ఉండారా?" "ఒకతూరి ఫోన్ చేయండప్పా." కాల్స్‌కి పోయినప్పుడు పెద్దోళ్ళు మాకే చెప్తుంటారు, ఇట్ల రాస్తే ఆ మిషిన్ కి అర్థం కాలేదని.

శారద_పచ్చళ్ళు | గురువారం, మధ్యాహ్నం 2:30

మా వైపు "ఎవరైనా మాట్లాడండి బాబూ", "కాస్త లైన్లోకి రండి". నా కస్టమర్లలో పెద్దావిడలు చాలామంది ఏమీ రాయరు గౌతమ్. మిస్డ్ కాల్ ఇస్తారు, లేదా వాయిస్ నొక్కి మాట్లాడకుండా వదిలేస్తారు. అది కూడా లెక్కలోకి తీసుకో నాన్నా.

గౌతమ్_బెంగళూరు | గురువారం, రాత్రి 8:05

ఖాళీ వాయిస్ సంగతి మా జాబితాలో లేదు అత్తా. లాగ్స్, అంటే పాత చాట్‌ల రికార్డులు, తీసి చూశాను, చాలా ఉన్నాయి. ఇప్పటిదాకా బాట్ వాటికి జవాబివ్వకుండా చాట్ ముగించేస్తోంది. ఖాళీ వాయిస్ వచ్చినా, వాట్సాప్ కాల్ వచ్చినా అది మనిషిని అడిగినట్టే లెక్క అని ఇవాళ రాసి పంపాను. శ్రీకాకుళం, ఆదిలాబాద్ వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే మీ మాటలు కూడా రాయండి, ఆదివారం దాకా చేరుస్తాను.